తొమ్మిదో బంతికి ముందు

టక్.

గడియ పెట్టిన తలుపు వెనుక నుంచి వచ్చిందా చప్పుడు. తరువాత ఏదో దొర్లింది. దొర్లి దొర్లి ఎక్కడో మెత్తగా పడింది. కొంచెం నిశ్శబ్దం. మళ్లీ టక్.

"తలుపు తియ్యే!" శోభ అరచేత్తో రేకు తలుపు బాదింది. "తెల్లారిందగ్గర్నుంచి లోపట్నే ఉన్నవ్. ఛాయ్ చల్లారిపాయె. సిరిసిల్ల బస్సు పోతది."

టక్.

"నీతోనే మాట్లాడుతున్న పిల్లా!"

"కొట్టనియ్యి" అంది రాములవ్వ వాకిట్లోంచి. ఒళ్లో బీడీల చాట, వేళ్ల నడుమ తునికాకు. కోడలి వైపు చూడలేదు. "దానికి కోపమస్తే బంతులను కొడ్తది. నీ లెక్క మనుషులను గాదు."

"నేనెవల్ని కొట్టిన అత్తమ్మా?"

"ఫోన్ల గా సిరిసిల్లాయనకు సరే అన్నవ్ సూడు, గప్పుడే కొట్టినవ్."

శోభ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.

కోరుట్లలోని ఆ రేకుల షెడ్డు ఒకప్పుడు కల్లు దుకాణం. కుండలు వరుసగా కూర్చున్న చోట ఇప్పుడు పచ్చని గుడ్డ కప్పుకున్న పూల్ బల్ల ఉంది. షార్జాలో ఒక క్లబ్బులో బల్లలకు గుడ్డ బిగించే రాములవ్వ కొడుకు రాజనర్సు, సెలవు మీద వచ్చినప్పుడు హైదరాబాదులో పాత బల్ల ఒకటి కొని తెచ్చి ఇక్కడ దించాడు. కూతురి చేతికి కర్ర ఇచ్చాడు. నేర్పగలిగినంత నేర్పి, తిరిగి విమానం ఎక్కాడు.

ఆ కూతురి పేరు ఈ ఇంట్లో ఎవరూ పలకరు. తనను పెంచిన నాయనమ్మ పేరునే రాజనర్సు బిడ్డకు పెట్టుకున్నాడు. ఆ నాయనమ్మ రాములవ్వకు అత్త. అత్త పేరు కోడలి నోట రాకూడదు. కోడలు వింటుండగా ఇంకెవరి నోటా రాకూడదు. అందుకే తల్లికి ఆమె పిల్ల. తండ్రికి అవ్వ. బడి రిజిస్టరు తప్ప ఆ పేరును పిలిచిన గొంతు లేదు. ఈ గడపలో ఉన్నంతసేపు మనమూ ఆ మర్యాద తప్పం. పిల్ల అనే అందాం.

మొన్న ఆదివారం జగిత్యాల పోటీలో గెలిచింది ఈ పిల్లే. కానీ ఈ ఉదయం కోరుట్ల బస్టాండు దగ్గర లేచిన ఫ్లెక్సులో ఈ పిల్ల లేదు. 'జగిత్యాల విజేతకు అభినందనలు' అన్న అక్షరాల కింద, నిలువెత్తు, నవ్వుతూ, కర్ర పట్టుకొని శ్రీజ ఉంది. రాములవ్వ కూతురు సరోజన బిడ్డ. పిల్లకు వదిన. అదే పోటీలో సెమీఫైనల్‌లో పిల్ల చేతిలో ఓడిపోయిన శ్రీజ.

శ్రీజ అందంగా ఉంటుంది. ఈ మాట చెప్పకుండా కథను ముందుకు నడపలేం, ఎవరూ నడపనివ్వరు.

"సరే అనకపోతే ఏం జేద్దును?" శోభ గొంతు తగ్గింది. "పుణె పోటీలకు పంపేటోడు ఒక్కడన్న దొరికిండా మనకు? చీరెల కంపెనీ ప్రేమ్‌కుమార్ సారు పంపుతన్నడు. కోచింగ్ ఇప్పిస్తన్నడు. 'ఆట నీ బిడ్డే ఆడుతది, బొమ్మ మాత్రం శ్రీజది ఉంటది' అన్నడు. ఇయ్యాల సిరిసిల్లల కొత్త పూల్ హాలు మొదలు. శ్రీజ చెయ్యి ఊపుతది, పిల్ల ఆడుతది. గంతే."

"గంతేనా? నల్ల కండ్లద్దాలు పెట్టుకొని ఆడాలట గదా! పిల్లకేమన్న కండ్లకలక అయిందా?"

"ఎడమ కన్ను జర పక్కకు పోతది గదా అత్తమ్మా. ఫోటోల మంచిగ రాదట."

"మా అత్తకూ గా కన్నే!" రాములవ్వ చేతిలోని తునికాకు చిరిగింది. "ఒక కన్ను కుండ మీద, ఒక కన్ను గిరాకి మీద. గీ దుకాణంల ఒక్క సుక్క కింద పడనియ్యలే. ఎవలన్న అద్దాలు పెట్టుకొమ్మన్నరా ఆమెను? అన్నోడు బతికి బయటపడునా?"

"పేరు గుడ మారుస్తరట. ప్రవళిక అని. మన పేరు పాతగున్నదట."

రాములవ్వ చిరిగిన ఆకు పక్కన పడేసి ఇంకొకటి తీసుకుంది. దాన్ని తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంది.

అది చూసి శోభకు ధైర్యమొచ్చింది.

"తప్పంత నాదే అన్నట్టు మాట్లాడుతున్నవ్. సోమవారం నాడు సారు ఆఫీసు నుంచి ఫోన్ అచ్చినప్పుడు ఎత్తిందెవలు? నువ్వు గాదా? గెలిచిన పిల్ల పేరేందని అడిగితే ఏం జెప్పినవ్?"

"ఏం జెప్తనే? గా పేరు నేనెట్ల జెప్త?"

"అదే అడుగుతున్న. ఏం జెప్పినవ్?"

రాములవ్వ చాట పక్కన పెట్టింది. "మా శ్రీజ తెలుసు గద సారూ, గా శ్రీజకు మరదలు అని జెప్పిన."

"వాళ్లు శ్రీజ అని రాసుకున్నరు!"

"గట్ల రాసుకుంటరని నాకేమెరుక? తప్పుంటే దిద్దుమనకపోతివి?"

"దిద్దుమని అడిగిన. గదే రోజు అడిగిన." శోభ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. "సారు నవ్విండు. 'తప్పు గాదక్కా, మంచికే అయింది. శ్రీజ ఫోటో సూసినం. మా చీరెలకు గా ముఖమే కావాలె' అన్నడు."

లోపల చప్పుళ్లు ఎప్పుడో ఆగిపోయాయి. ఇద్దరూ గమనించలేదు.

గడియ తీసిన సవ్వడి. తలుపు తెరుచుకుంది. పిల్ల నిలబడి ఉంది, చామనఛాయ ముఖం మీద చెమట, వేళ్లకు నీలం చాక్ పొడి. కుడి కన్ను తల్లి మీద ఉంది. ఎడమ కన్ను ఎవరి మాటా వినకుండా గోడ దాకా వెళ్లి వచ్చింది.

"పోదం పా" అంది.

"పిల్లా, నువ్వు విన్నవా?"

"బస్సు పోతదన్నవ్ గద. పోదం."

గేటు దగ్గర శ్రీజ నిలబడి ఉంది. జగిత్యాల నుంచి మరదలితో ఇక్కడికే వచ్చి ఉండిపోయింది. ప్రేమ్‌కుమార్ పంపిన కళ్లద్దాల పెట్టె ఆమె చేతిలో ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఎవరికీ తెలియదు.

* * *

బస్సులో ముందు సీటులో అత్తా కోడళ్లు, వెనుక సీటులో వదినా మరదళ్లు. నడుమ ఇనుప కడ్డీ.

"ఆధార్ చూపెట్టుండ్రి" అన్నాడు కండక్టర్. ఆడవాళ్లకు టికెట్టు ఉచితమే. కార్డు మాత్రం చూపాలి. పిల్ల కార్డు అందుకొని, వెలుతురుకు పెట్టి, చదవడానికి నోరు తెరిచాడు.

"అన్నా! గట్టిగ సదవకు." పిల్ల సగం లేచింది. "ముంగట మా బాపమ్మ ఉన్నది."

"ఉంటే?"

"గది ఆమె అత్త పేరు."

కండక్టర్ రాములవ్వ నెరిసిన కొప్పు వైపు చూశాడు. కార్డు వైపు చూశాడు. పెదవులు బిగించి నవ్వాపుకున్నాడు. "మా అమ్మమ్మ పేరు గుడ ఇదే చెల్లే" అని గొణిగి, సున్నా టికెట్టు చింపి ఇచ్చి వెళ్లిపోయాడు.

కథలాపూర్ దాటింది. పసుపు చేలు దాటాయి. రుద్రంగి దాటింది. ఇద్దరి నడుమ మాట మాత్రం ఏ ఊరూ దాటలేదు.

"వదినా" అంది పిల్ల చివరికి. "ఫ్లెక్సుల మంచిగున్నవ్."

"ఎత్తిపొడుస్తున్నవా?"

"నిజమే చెప్తున్న. నేను గట్ల నవ్వలేను."

శ్రీజ కిటికీలోంచి ముఖం తిప్పలేదు. "జగిత్యాలల నీతోని ఓడిపోయిన. ఎట్ల ఓడిన, ఏడ తప్పిన, ఒక్కలన్న అడిగిన్రా? డ్రెస్సు ఏడ కొన్నవని అడిగిన్రు. జుట్టుకేం పెడ్తవని అడిగిన్రు. నేను గుడ రోజు చేతులు గుంజుకపోయేదాక ఆడుతనే. నాకేం, కర్ర పట్టుకున్న బొమ్మనా?"

"మరి వద్దని చెప్పకపోయినవ్?"

"మా అమ్మ ఇయ్యాల హాలుకు అస్తున్నది." శ్రీజ గొంతు సన్నబడింది. "ఇన్నేండ్లల నా ఆట ఒక్కసారి సూడలే. మొగపోరగాండ్ల ఆటని తిట్టింది. ఫ్లెక్సు సూసినంక ఫోన్ జేసి 'ముంగట కూసుంట బిడ్డా' అన్నది. ఎట్ల వద్దంట చెప్పు?"

వేములవాడలో బస్సు ఆగింది. రాములవ్వ వెనక్కి తిరిగి, సగం మరమరాల పొట్లం ఆ కడ్డీ మీదుగా వెనక్కి అందించింది. ఇద్దరి చేతులూ ఒకేసారి అందులో పడ్డాయి. ఇద్దరూ చేతులు వెనక్కి లాక్కున్నారు.

* * *

సిరిసిల్లలో హాలు కంటే ముందు మగ్గాలు వినిపించాయి. తటతట తటతట, గోడల అవతల మరమగ్గాలు ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నాయి. ఆ మోతలోంచి నడిచి లోపలికి వెళ్తే, హాలు నిండా జనం. మగ్గం షిఫ్టు దిగి వచ్చినవాళ్లు, కాలేజీ ఆడపిల్లలు, మొదటి వరుసలో పట్టుచీర కట్టుకొని సరోజన. గోడకు అటు నుంచి ఇటు దాకా శ్రీజ నవ్వు.

ప్రేమ్‌కుమార్ ఎదురొచ్చాడు. చెడ్డవాడి ముఖం కాదు. మర్యాద తెలిసిన ముఖం. రాములవ్వకు వంగి దండం పెట్టి, తానే కుర్చీ జరిపాడు.

"భయపడకు తల్లీ" అన్నాడు పిల్లతో. "నీ ఆట ముంగట ఎవలు నిలవరని నాకెరుకే. కని చీరె కొనేటోళ్లు ఆట సూడరు, ముఖం సూస్తరు. నేను పెట్టిన లోకమా ఇది? అద్దాలు పెట్టుకో. ఆఖరి బంతికి ముంగట పేరు పిలుస్తరు. ప్రవళిక అనంగనే చెయ్యెత్తు. ఎత్తితే పుణె. లేకుంటే నేనేం జెయ్యలేను."

పిల్ల తల ఊపింది. తల్లి వైపు చూసి మరీ ఊపింది. శోభ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మైకులో శ్రీజను పిలిచారు. శ్రీజ లేచి, చెయ్యి ఊపి, కూర్చుంది. సరోజన చప్పట్లు అందరికంటే ముందు మొదలై, అందరికంటే ఆలస్యంగా ఆగాయి.

ఎదుటి ఆటగత్తె హైదరాబాదు సంధ్య. నెమ్మదైన మనిషి, రాయి లాంటి చెయ్యి. ఒకటే ఆట. బల్ల మీది బంతులను అంకెల వరుసలో తాకాలి. ఆఖరిదైన తొమ్మిదిని గోతిలో వేసినవారిదే గెలుపు.

సంధ్య మొదటి దెబ్బకే గుంపు విచ్చుకుంది. ఒకటి పడింది. రెండు పడింది. ఎరుపు మూడు అంచుకు తగిలి నిలిచిపోయింది.

పిల్ల వంగింది. అందరూ కర్రను గడ్డం నడిమికి తెచ్చుకుంటారు. ఆమె కుడి కంటి కిందికి తెచ్చుకుంది. 'నీ కుడి కన్ను ఏడ సూస్తే ఆడనే కర్ర పెట్టవ్వా' అని తండ్రి నేర్పిన తీరు. కానీ నల్లద్దాల వెనుక ఎరుపు మూడు, నారింజ అయిదు ఒకే రంగయ్యాయి. బల్ల అంచు నీడలో కలిసిపోయింది. కొట్టింది. బంతి గోతి పెదవిని తాకి పక్కకు పోయింది.

"అయ్యో!" అన్నది హాలు.

సంధ్య మూడు వేసింది. నాలుగు వేసింది. అయిదుకు గురి పెట్టి, వెంట్రుకవాసిలో తప్పింది.

మళ్లీ పిల్ల వంతు. ఆమె వంగబోతుండగా ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. శ్రీజ నడిచి వస్తోంది. గోడ మీది నవ్వు గోడ మీదే ఉంది. నడిచి వస్తున్న ముఖంలో నవ్వు లేదు. తిన్నగా వచ్చి, మరదలి ముఖం మీది అద్దాలు రెండు చేతులతో తీసేసింది.

"వదినా, సారు..."

"నన్ను ఓడగొట్టింది గా కన్నే. దాన్ని దాస్తే నేను ఎవలికి ఓడిపోయినట్టే?"

తిరిగి వెళ్లి తల్లి పక్కన కూర్చుంది. సరోజన ఏదో అనబోయింది. శ్రీజ తల్లి చెయ్యి పట్టుకుంది. "ఆట సూడమ్మా. ఆట సూడనీకి అచ్చినవ్ గద."

వెలుతురు ఒక్కసారిగా బల్ల మీద వాలింది. పచ్చదనం పచ్చగా, ఎరుపు ఎర్రగా, అంచు అంచుగా కనిపించింది.

టక్. అయిదు.

టక్. ఆరు, అంచు వెంట పాకి పాకి, పడదేమో అనిపించి, పడింది.

టక్. ఏడు. మధ్య గోతిలోకి నేరుగా.

మగ్గాల మోత అవతల ఉంది. ఇవతల ఊపిరి చప్పుడు లేదు. "అరేయ్, ఫ్లెక్సు కుర్చీల కూసున్నది, ఆట ఇంకోతి ఆడుతున్నది!" అన్నాడు వెనుక వరుసలో ఒక కార్మికుడు. నవ్వులు లేచాయి. ప్రేమ్‌కుమార్ మెడ కింద చెమట తుడుచుకున్నాడు.

ఎనిమిదికి దారి లేదు. తొమ్మిది అడ్డంగా నిలబడి ఉంది. సంధ్య కూడా ముందుకు వంగి చూసింది. పిల్ల బల్ల చుట్టూ తిరిగింది, తిరిగి, బల్ల ఎదుటి అంచుకు గురిపెట్టింది. తెల్ల బంతి వెళ్లింది, అంచును తాకింది, వెనక్కి మళ్లింది, ఎనిమిదిని వీపు మీద తట్టింది. ఎనిమిది మూల గోతి వైపు నడిచింది. నడిచింది. ఆగినట్టే ఆగి, లోపలికి జారింది.

హాలు లేచి నిలబడింది. కాలేజీ పిల్లలు ఈలలు వేశారు. సంధ్య తన కర్ర మొదలుతో నేలను తట్టింది. ఆటగాళ్లు ఆటగాళ్లను మెచ్చుకునే తీరు అది.

మిగిలింది తొమ్మిది. పసుపు చార తొమ్మిది. దూరం ఉంది, దారి ఉంది.

రెఫరీ రాణి మేడం చెయ్యెత్తింది. హాలు నియమం ఆమె ముందే చెప్పింది: ఆఖరి దెబ్బకు ముందు పేరు పిలవాలి, ఆ పేరుగలవారు చెయ్యెత్తాలి. గడియారం ఆగదు. ఎర్ర దీపం వెలిగేలోగా కొట్టకపోతే వంతు పోతుంది.

"తొమ్మిదో బంతికి, ప్రవళిక!"

చెయ్యి లేవలేదు.

"ప్రవళిక!"

"ఎత్తు తల్లీ" అన్నాడు ప్రేమ్‌కుమార్, పళ్ల నడుమ నుంచి. "చెయ్యెత్తు. పుణె."

పిల్ల తల్లి వైపు చూసింది. శోభ కొంగు చివర నలుపుతోంది. ఎత్తమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

పిల్ల తన కర్ర వైపు చూసింది, గోడ మీది బొమ్మ వైపు చూసింది. "గది నా పేరు గాదు మేడం" అంది.

"మరేం పేరు? తొందరగ చెప్పు. టైం పోతుంది."

నోరు తెరిచింది. మూడో వరుసలో రాములవ్వ కనిపించింది. పుట్టిన దగ్గర్నుంచి మింగిన పేరు గొంతులోనే నిలబడింది.

"ఆమె ముంగట అనం మేడం."

"ఏంది?"

"మా బాపమ్మ. ఆమె ముంగట గా పేరు అనం."

హాలు నవ్వింది. గడియారం మీద పసుపు దీపం వెలిగింది. "బాపమ్మను బయటికి పంపుండ్రి!" అని ఎవరో అరిచారు. "నేను జెప్త!" అంటూ శ్రీజ లేవబోయింది.

"నువ్వు కూసో."

రాములవ్వ గొంతు అది. లేచి నిలబడింది. నెత్తి మీద కొంగు సవరించుకుంది, అత్త ఎదుట సవరించుకున్నట్టే. బీడీ ఆకుల మరక పట్టిన వేళ్లతో ముందు కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"అత్తమ్మా, వద్దు" అంది శోభ. "పుణె పోతది. సారు..."

"పోతే పోనీ. గీ నోరు మూసుకున్నందుకే గా గోడ మీద ఇంకోతి బొమ్మ ఎక్కింది." రాములవ్వ కళ్లు మనవరాలి ముఖం మీదే ఉన్నాయి, దారి తప్పి తిరిగొచ్చే ఆ ఎడమ కన్ను మీద. "గా కన్ను ఎవలిదో గా పేరు గామెదే. అత్తా, తప్పైతే నా మీద ఏసుకో."

పసుపు దీపం ఎరుపెక్కబోతోంది. రాణి మేడం మైకు ఆమె వైపు చాచింది. రాములవ్వ మైకు అందుకోలేదు. అవసరం లేకపోయింది.

మగ్గాల మోత మీదుగా, గోడ మీది నవ్వు మీదుగా, ఆ ఇంటి కోడలైనప్పటి నుంచి మూసిన నోరు తెరిచి పిలిచింది:

"కొమురవ్వా!"